రత్నమాల రెండు వేళ్లు

అశోక్‌నగర్‌లో రాగిణి జిరాక్స్ షాపు ఎక్కడని ఎవరిని అడిగినా వేలు పెట్టి చూపిస్తారు. సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలకు గుడి ఎంతో ఆ షాపూ అంతే. కాకపోతే గుడికి పరీక్ష ముందురోజు వెళ్తారు, షాపుకు రోజూ వస్తారు. రెండు మిషన్లు, ఒక స్పైరల్ బైండింగ్ యంత్రం, గోడ వెంట నడుమెత్తున పేర్చిన కాగితం పెట్టెలు. పదిహేనేళ్లుగా ఆ పెట్టెలు రాగిణే ఎత్తింది, రాగిణే దించింది. పనికి ఎవరినైనా పెట్టుకోవచ్చు కదా అంటే, "పెట్టుకుంటే వాళ్లను గూడ నేనే మొయ్యాలె" అనేది. నలభై నాలుగేళ్లు వచ్చేసరికి ఇక మోయనని నడుమే చెప్పేసింది.

ఆ చెప్పడం కూడా ఏ సెలవు రోజో చూసుకుని చెప్పలేదు. మే నెలలో ఒక నోటిఫికేషన్ పడింది. నోటిఫికేషన్ పడిందంటే ఆ వీధుల్లో పాత ప్రశ్నపత్రాలకు మళ్లీ ప్రాణం వస్తుంది. పొద్దున్నుంచి నిలబడినచోటనే నిలబడి కాపీలు తీసిన రాగిణి, సాయంత్రం నాలుగింటికి కొత్త పెట్టె కోసం వంగింది. వంగింది గానీ పూర్తిగా లేవలేకపోయింది. సగంలో ఆగిపోయి, మిషన్ అంచు పట్టుకుని, వరుసలో ఉన్న పిల్లలతో "జర ఆగుండ్రి, వస్త" అంది. ఆ రోజు ఇంటికి ఆటోలో పడుకోబెట్టి తీసుకువెళ్లారు.

మర్నాడు ఆసుపత్రికి వెంట వెళ్లింది రత్నమాల. భర్త వెంకటేశ్‌కు బషీర్‌బాగ్‌లోని ఆఫీసులో ఆ వారమే తనిఖీ, సెలవు దొరకలేదు. దొరికినా రాగిణి రత్నమాలనే పిలిచేది. నారాయణగూడలో డిగ్రీ చదివిన మూడేళ్లూ ఇద్దరిదీ ఒకే బెంచి. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్లు కూడా కాలేజీ ఎగ్గొట్టేవాళ్లు. రత్నమాల కాపురం రెండేళ్లకే చెదిరిపోయి పుట్టింటికి వచ్చేసినప్పుడు, "ఊకె ఏడ్వకు, ఏదన్న నేర్సుకో" అని వెంటపడింది రాగిణే. అలా రత్నమాల చెన్నై వెళ్లి చైనావాళ్ల వైద్యం నేర్చుకుని వచ్చింది. నారాయణగూడలో కళ్లద్దాల దుకాణం పైన ఒక గది తీసుకుని, రెండు బల్లలు వేసి, మధ్యలో ఆకుపచ్చ తెర కట్టి, మోక్సా చికిత్స అని బోర్డు పెట్టింది. జనం దాన్ని కడ్డీ వైద్యం అన్నారు. బోర్డు కన్నా ఆ పేరే నిలిచింది.

ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. నడుము కింది భాగంలో నాలుగో ఎముకకూ ఐదో ఎముకకూ మధ్య ఉండే డిస్కు పక్కకు జారింది, ఎడమ కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోంది అన్నాడు డాక్టరు.

"ఇప్పటికిప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. మందులు వాడండి, చెప్పిన వ్యాయామం చెయ్యండి, బరువులెత్తకండి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఎడమ పాదంలో స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవకున్నా ఆ రోజే రావాలి. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా కాలు మొత్తం తిరిగి వస్తుందని చెప్పలేం."

ఆపరేషన్ అన్న మాట చెవిన పడ్డాక రాగిణికి మిగతావి సగమే వినపడ్డాయి. ఆటోలో కూర్చున్నాక ఎడమకాలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. షాపంతా నిలబడి చేసే పని. కాలు లేకపోతే షాపు లేదు, షాపు లేకపోతే తానేమిటో ఆమెకు తెలియదు.

రత్నమాల ఆ చేతులు రెండూ తన ఒడిలోకి తీసుకుంది. "డాక్టరు చెప్పినయన్ని నేను విన్న. నీ కాలు చూసే పని నాది. రోజు చూస్త. నువ్వు పరేషాన్ గాకు, నడుము నాకు ఒదిలెయ్యి."

రాగిణి వదిలేసింది. ఎవరైనా వదిలేస్తారు. వీపు మనకు కనపడదు, చెయ్యి అందదు. అక్కడ ఏ పని జరగాలన్నా ఇంకో మనిషిని నమ్మి బోర్లా పడుకోవాల్సిందే.

చికిత్స చూడటానికి చాలా తేలిక. చుట్టలాంటి కడ్డీ ఒకటి ఉంటుంది. ఎండిన ఆకును దూదిలా దంచి, కాగితంలో బిగించి చుట్టింది. "చైనాది అని భయపడకు, వినాయక చవితికి పత్రిల పెడ్తం సూడు మాచిపత్రి, గదాని చుట్టమే" అని చెప్పింది రత్నమాల. కొస అంటిస్తే మంట రాదు, కణకణలాడుతుంది. ఆ కణకణను చర్మానికి తగలకుండా కొంచెం ఎడంగా పట్టుకోవాలి. మొదట వెచ్చగా, తర్వాత వేడిగా, ఆ తర్వాత చురుక్కుమనబోతూ ఉంటుంది. అప్పుడు పడుకున్నవాళ్లు "చాలు" అనాలి. అనగానే కడ్డీ తీసి పక్క చోట పట్టాలి. నడుము మీద నాలుగు చోట్ల, మోకాలి వెనక, పిక్క పక్కన, చివర చీలమండ పైన. చేసేవాళ్ల చెయ్యికీ చేయించుకునేవాళ్ల నోటికీ మధ్య ఆ ఒక్క మాటే ఒప్పందం.

జూన్‌లో రాగిణి మంచం నుంచి గోడ పట్టుకుని లేచింది. జూలైలో గోడ వదిలింది. డాక్టరిచ్చిన మాత్రలు పనిచేశాయో, పెట్టెలెత్తడం మానడం పనిచేసిందో, కడ్డీ పనిచేసిందో దేవుడికి తెలియాలి. రాగిణి మాత్రం ఆ మెప్పంతా రత్నమాలకే ఇచ్చేసింది. ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి తుంటి నుంచి మడమ దాకా కత్తి దిగినట్టుండే నొప్పి లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. రాగిణి సంతోషం పట్టలేక వంటింట్లో ఉన్న వెంకటేశ్‌ను పిలిచి మరీ చెప్పింది.

ఆ నెలలోనే రత్నమాల చెయ్యి కూడా మారింది. కాలి దగ్గరికి వచ్చేసరికి కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు చాచి, వేడి తగిలే చోటుకు అటొకటి ఇటొకటి ఆనించి పెట్టేది. ఆ మెత్తని ఒత్తిడి మోకాలి దగ్గర రాగిణికి తెలిసేది, కిందికి పోయేకొద్దీ తెలిసేది కాదు, అంత తేలిగ్గా ఆనిస్తోందేమో అనుకుంది. తల తిప్పి చూస్తే మాత్రం ఆ రెండు వేళ్లూ అక్కడే ఉండేవి. అంత వేడిలో తన వేళ్లు పెట్టి కూర్చుంది చూడు అనుకునేది రాగిణి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు లేని మనిషి ఆమె. ఆ వేళ్లను చూసి ఒకసారి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"చాలు అనకముందే తీసేస్తున్నవేందే?" అని అడిగింది ఒక రోజు.

"నీ గురించి నాకు ఎర్కనే గద" అంది రత్నమాల.

వినాయక చవితి వారంలో రత్నమాల ఫోను పట్టుకుని వీడియో తీసింది. రాగిణి కొత్త చీర కట్టుకుని, మాచిపత్రి కట్ట ఒకటి చేతిలో పెట్టుకుని, ఎడంచేత్తో నడుము తట్టి చెప్పింది. "అశోక్‌నగర్‌ల జిరాక్స్ షాపు రాగిణిని. డిస్కు జారి మంచంల పడ్డ. ఇయ్యాల సూడుండ్రి, నొప్పి పత్తా లేదు. మా రత్న చెయ్యి పడ్డది, అంతే." నడిచి చూపిస్తా అని లేవబోతే, "నడ్సుడొద్దులే, కూసోనే చెప్పు, మొకం మంచిగొస్తది" అంది రత్నమాల. వీడియో చిక్కడపల్లి నుంచి ముషీరాబాద్ దాకా ఎన్ని ఫోన్లలోకి పోయిందో లెక్క లేదు. షాపుకు వచ్చే పిల్లలు తమ ఊళ్లలో అమ్మలకు పంపారు. కళ్లద్దాల దుకాణం మెట్ల మీద జనం కూర్చుని ఎదురుచూడటం మొదలైంది. రాగిణి ఆ మెట్లెక్కుతుంటే "ఈమెనే, ఈమెనే" అనేవాళ్లు. రాగిణికి గర్వంగా ఉండేది. ఎందుకు ఉండదు?

అప్పుడప్పుడు ఎడమకాలి చెప్పు జారిపోయేది. ఒకసారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర రోడ్డు దాటి అవతలికి వెళ్లాక, వెనక నుంచి ఎవరో "అక్కా, చెప్పు" అని అరిస్తే చూసుకుంది. కాలికి చెప్పు లేదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆ సంగతి నవ్వుతూ చెబితే రత్నమాల నవ్వలేదు. పుట్టినరోజుకు బకిలు పట్టీ ఉన్న చెప్పులు కొని తెచ్చి, తానే కింద కూర్చుని పట్టీ బిగించింది. "పాతవి అరిగిపోయినయే, అందుకే జార్తున్నై" అంది.

దీపావళి వెళ్లిన వారానికి రత్నమాల చుట్టాల పెళ్లికి వరంగల్ వెళ్లింది. నాలుగు రోజులు. రాగిణికి ఎడమకాలు ఇసుక నింపినట్టు బరువుగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం, ఇంటర్ చదివే కూతురు తన్మయిని కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న కడ్డీ అంటించి చేతికిచ్చింది. "నేను చాలు అన్నప్పుడు తియ్యి. గంతే."

నడుము మీద సరిగ్గానే సాగింది. చీలమండ పైకి వచ్చింది.

"మమ్మీ, చాలా?"

"ఇంక వేడే తాకలే. జర దగ్గరికి పట్టు."

"దగ్గర్నే ఉన్న మమ్మీ."

"ఇంకొంచెం."

తర్వాత ఇద్దరూ ఒకేసారి ముక్కులు ఎగబీల్చారు. మాచిపత్రి వాసన కాదు అది. తన్మయి కెవ్వుమని కడ్డీ పారేసింది. రాగిణి లేచి చూసుకుంటే రూపాయి బిళ్లంత బొబ్బ, మధ్యలో తెల్లగా. దాన్ని చూస్తున్నా నొప్పి రావడం లేదు. ఆ విడ్డూరం గమనించాల్సింది పోయి, రాగిణి కూతురి మీద విరుచుకుపడింది.

"ఇన్ని నెలల సంది రత్న ఒక్క చుక్క కాల్చలే! నీకు ఒక్క రోజు చేతగాలే. ధ్యాసంత ఫోన్‌ల ఉంటది!"

తన్మయి ఏడుస్తూ, "నువ్వే దగ్గరికి పట్టుమన్నవ్" అంటూనే ఉంది. తల్లి వినలేదు. బొబ్బకు వెన్న రాసుకుంటూ, రత్న వచ్చాక ఈ సంగతి చెప్పి నవ్వుకోవాలనుకుంది.

గురువారం పొద్దున చెప్పకుండానే నారాయణగూడ వెళ్లింది. మెట్లెక్కుతుంటే ఎడమపాదం అంచుకు తగిలి తూలింది. ఈ మధ్య మెట్లు తగలడం మామూలైపోయింది కాబట్టి పట్టించుకోలేదు. లోపల తెర అవతల రత్నమాల ఎవరికో కాలికి చేస్తోంది. తెర సందులోంచి చూస్తే అనసూయమ్మ. నల్లకుంట నుంచి వస్తుంది, డెబ్బై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. రాగిణి ఇవతలి బల్ల మీద కూర్చుంది. సందులోంచి రత్నమాల ఎడమచెయ్యి కనిపిస్తోంది. రెండు వేళ్లు, వేడి తగిలే చోటుకు అటొకటి ఇటొకటి.

నాకొక్కదానికే అనుకున్నానే అని రాగిణి మనసు చిన్నగా చివుక్కుమంది.

"గీ వేళ్లేంది బిడ్డా?" అంటోంది అనసూయమ్మ. "గా పక్కాయనకు చేసినప్పుడు ఊకె కడ్డి పట్టినవ్. నాకేంది, వేళ్లడ్డం పెడ్తున్నవ్?"

"మీకు షుగరు గద పెద్దమ్మ. పాదాలల్ల స్పర్శ లేదు. వేడైతుందా లేదా మీకు తెల్వది, చాలు అని చెప్పలేరు. మీ బదులు నా వేళ్లు చెప్తై."

"అందరికి పెట్టవా?"

"లేదు పెద్దమ్మ. స్పర్శ పోయినోళ్లకే."

రాగిణి కూర్చున్నచోటే కూర్చుంది. ఆ వేళ్లను తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నది తానేనా? చాలు అనకముందే కడ్డీ తీయడం. బకిలు చెప్పులు. నడవొద్దు, కూర్చునే చెప్పు అనడం. ముద్దుగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే మొహం తిప్పి నిలబడ్డాయి. నొప్పి పోయిందని ఊరంతా చాటింది కదా, నొప్పితో పాటు కాలూ పోతోందని తెలిసిన మనిషి ఎదురుగా ఫోను పట్టుకుని నవ్వుతూ వీడియో తీసింది.

గోడకున్న అలమరలో పేషెంట్ల అట్టకార్డులు ఉంటాయి. రత్నమాల ఎప్పుడూ శ్రద్ధగా రాస్తుంది, కాలేజీలో కూడా నోట్సు ఆమెదే చూసి రాసేది రాగిణి. తన కార్డు తీసింది. గుండ్రటి, చక్కటి అక్షరాలు. ఆగస్టు పదకొండు. ఎడమ పాదం పైభాగం, చీలమండ పైన బయటి పక్క, స్పర్శ లేదు. బొటనవేలు పైకి లేవడం లేదు. ఆ కింద ప్రతి రోజూ తేదీ వేసి, పక్కన ఒకే మాట, అదే. అదే. అదే. దీపావళి దాకా అదే.

తెర తొలగించుకుని వచ్చిన రత్నమాల ముందు ఆమె మొహం చూసింది, తర్వాత చేతిలో కార్డు చూసింది.

"ఆగస్టు పదకొండు" అంది రాగిణి.

రత్నమాల చేతిలోని కడ్డీ ఆర్పి పక్కన పెట్టింది. "మల్ల వస్తదనుకున్ననే. కొందరికి వస్తది. రెండు వారాలు చూద్దామనుకున్న."

"రెండు వారాలైనంక?"

"వీడియో వచ్చింది."

"వీడియో రాలే. నువ్వు తీసినవ్."

తెర అవతల అనసూయమ్మ బల్ల మీద లేచి కూర్చుంది.

"అందరు నీ పేరు చెప్పే వచ్చిండ్రు రాగీ" అంది రత్నమాల, గోడకు ఆనుకుని. "నిన్నే దవాఖానకు పంపితే, రాగిణికే తక్కువ కాలేదట అంటరు. ఈ గది పోతది. నాకు ఇది తప్ప ఏమున్నది చెప్పు? ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట రోజులు పోయినై. ఎన్ని రోజులు పోతే చెప్పుడు అంత కష్టమైంది."

"నా కాలు చూసే పని నీది అన్నవ్ గదనే."

"చూసిన!" రత్నమాల గొంతు పెరిగింది, ఆ మాట మీద ఆమెకు నిజంగానే రోషం వచ్చింది. "రోజు చూసిన. నా వేళ్లు చూడు, ఎట్ల కమిలినయో. ఒక్క రోజన్న నిన్ను కాల్చిన్నా?"

రాగిణి చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి బొబ్బ చూపించింది. "నా బిడ్డ కాల్చింది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టిన. అది కాల్చింది కాబట్టి తెలిసింది. నువ్వు కాల్చకుండ నా కాలు తీసుకున్నవ్."

కార్డు పర్సులో పెట్టుకుంది. మెట్లు దిగాక రాగిణి వంగి, బకిలు విప్పి, ఆ చెప్పులు రెండూ కళ్లద్దాల దుకాణం ముందు వదిలేసింది. ఉత్తకాళ్లతో రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కింది. కుడికాలికి కంకర గుచ్చుకుంది. ఎడమకాలికి ఏమీ కాలేదు.

ఆసుపత్రిలో అదే డాక్టరు. ఎప్పటినుంచి స్పర్శ లేదని అడిగాడు. మామూలు మనుషులైతే నాలుగు రోజులో, వారమో అని గుర్తుకు తెచ్చుకుంటారు. రాగిణి కార్డు తీసి ఇచ్చింది. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివి, ఇంత సరిగ్గా తేదీ ఎవరు రాశారని అడిగాడు.

"నా దోస్తు" అంది రాగిణి. నారాయణగూడ నుంచి ఆపుకున్న ఏడుపంతా అక్కడ, ఆ డాక్టరు బల్ల ముందు వచ్చేసింది.

రెండో రోజే ఆపరేషన్ చేశారు. నరం మీది ఒత్తిడి తీసేశాం, ఇక ముందుకు పోదు, పోయినదాంట్లో ఎంత వెనక్కి వస్తుందో చెప్పలేం, మూడు నెలలు ఆలస్యమైంది అన్నాడు డాక్టరు. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఇచ్చారు. చిక్కడపల్లి ఇంట్లో ముందు గదిలో మంచం వేశారు. వెంకటేశ్ పొద్దున, తన్మయి సాయంత్రం దువ్వెన మొనతో పాదం మీద గీసి "తెలుస్తుందా?" అని అడుగుతారు. రాగిణి లేదంటుంది. మొదటి రోజే కూతుర్ని దగ్గరికి తీసుకుని, "నిన్ను ఉత్తగనే తిట్టిన బిడ్డా" అంది. తన్మయి ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. రాగిణి మరిచిపోలేదు.

ఆరు వారాలకు, ఒక చలి పొద్దున, రత్నమాల వచ్చింది. తన్మయి తలుపు తీసి, ఏం చేయాలో తెలియక పక్కకు తప్పుకుంది. రాగిణి రమ్మనలేదు, పొమ్మనలేదు. రత్నమాల చిక్కిపోయింది. కుర్చీ ఉన్నా మంచం కాళ్లవైపు కింద కూర్చుంది.

"వీడియో తీసేసిన" అంది. "అడిగినోళ్లకు అడిగినట్టు జరిగింది చెప్తున్న. మెట్ల మీద ఎవలు లేరు ఇప్పుడు."

రాగిణి పైకప్పు చూస్తూ పడుకుంది. అయ్యో అనిపించలేదు, సరే అని కూడా అనిపించలేదు. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ స్నేహం ఒక అట్టకార్డు మీద అదే, అదే అని రాసుకుంటూ పోయింది. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

కాసేపటికి రత్నమాల, అలవాటు చొప్పున కాబోలు, పట్టీ విప్పి ఉన్న ఎడమపాదం మీద చెయ్యి వేసింది. చూపుడువేలు, నడిమివేలు. ఎముకకు అటొకటి, ఇటొకటి.

రాగిణికి పాదం మీద ఏదో తగిలినట్టయింది. ముందు అది భ్రమ అనుకుంది. కాదు. చల్లగా, బయటి చలి ఇంకా వదలని రెండు చుక్కలు, విడివిడిగా, ఒకటి ఇటు, ఒకటి అటు. పొద్దున దువ్వెనకు తెలియనిది ఇప్పుడు తెలుస్తోంది. కాలు చచ్చిపోలేదు. లేచి తన్మయిని పిలవాలి, వెంకటేశ్‌కు ఫోను చెయ్యాలి.

తల తిప్పింది. రత్నమాల ఆమె మొహంలోకే చూస్తోంది. ఆ కళ్లలో ఒక్క మాట కోసం అడుక్కుంటున్న మనిషి ఉంది.

"తెలుస్తుందానే?" అని అడిగింది రత్నమాల.

"లేదు" అంది రాగిణి. "ఏం తెలుస్తలేదు."

ఆ రెండు వేళ్లూ వణికాయి. ఆ వణుకు కూడా రాగిణికి తెలిసింది. కళ్లు మూసుకుని, ఆ చెయ్యి దానంతటదే తొలగేదాకా కదలకుండా పడుకుంది.